గోడకు బిగించిన జాలీ

అమెరికాలో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా బేస్‌మెంట్‌కి హీటింగ్, ఏసీ పెట్టినవాడు మా ఊరివాడే. గాలి వచ్చే జాలీ బిగించిన ప్రతిసారీ వేళ్ల కణుపులతో రెండుసార్లు తట్టి, "దొరగారూ, ఇక మీరు చూసుకోనక్కర్లేదు" అనేవాడు. మా దివాణం పోయాక నన్నలా పిలిచింది అతనొక్కడే.

కింద గదిలో చదువుకునే మా అమ్మాయి, "నాన్నా, వెంట్‌లోంచి గాలే రావట్లేదు, ఐ స్వేర్" అంది.

"పెట్టింది మనవాడు. నీకే చలెక్కువ, స్వెటర్ వేసుకో" అని కసిరాను. రెండు చలికాలాలు వేసుకుంది.

చివరికి తనే స్క్రూలు తిప్పి గోడకున్న జాలీ ఊడదీసింది. వెనక గాలి గొట్టమే లేదు. జాలీని ఉత్త గోడకు బిగించి వెళ్లాడు.

నిలదీద్దామని ఫోన్ చేశాను.

"దొరగారూ! బాగున్నారా?"

అమ్మాయి స్వెటర్‌లో నిలబడి నావంకే చూస్తోంది.

"బాగున్నాను" అని పెట్టేశాను.