దివిసీమ బురదలో పల్నాటి అల్లుడు

నిన్న అత్తారింటి నుంచి దిగానా, ఒళ్ళంతా ఇంకా బురద వాసనే! నవ్వకండిరా, మొత్తం చెప్పనీయండి.

మా అత్తారిది దివిసీమ. అటూ ఇటూ కృష్ణ పాయలు, ముందు సముద్రం, మధ్యలో పెద్ద లంక. బొగ్గుతో నడిచే బస్సు దగ్గుకుంటా, లోపల మేం దగ్గుకుంటా పోయాం. మర్నాడు, "షికారుకి పార్కులేమన్నా ఉన్నయ్యా మామా?" అనడిగా. మన మాచర్లలో ఏదో వీధికొకటి ఉన్నట్టు!

మామ మర్యాదస్తుడు. "సముద్రం ఒడ్డున సరుగుడు తోపుంది అల్లుడుగారూ. పడవలో పోదాం," అన్నాడు.

నేను తెల్లపంచె, కొత్త కాన్వాస్ షూస్. మా ఆవిడ రత్తమ్మ చేతిలో పులిహోర క్యారేజి. మామే పడవ నడిపాడు. తోపు దగ్గర దిగి, "నేను గుడిదాకా పోయొస్తా. పడవని ఒడ్డుకి లాగొద్దు, లోతులోనే ఉండనీండి," అన్నాడు.

"నాకు చెప్తావా మామా? కృష్ణలో ఈత నేర్చినోణ్ణి!" అన్నా. ఆయనటు పోంగానే పడవని ఒడ్డుకి లాగి, మడచెట్టుకి గట్టిగా కట్టా. అది చాలక రత్తమ్మకి ముడెట్టా వెయ్యాలో పాఠం కూడా చెప్పా!

తోపులో గాలి చానా బాగుంది. పులిహోర తిని ఒరిగా. కాసేపటికి రత్తమ్మ తట్టి లేపింది. "లేవండి, నీళ్ళు వెనక్కి తీస్తన్నాయి."

"కృష్ణనెవడన్నా ఎత్తుకుపోతాడా ఏందే? పడుకోనీ!"

లేచొచ్చి చూస్తే ఏంది? పడవుంది, ముడుంది, నీళ్ళు లేవు! ఆటుకి మొత్తం సముద్రంలోకి పోయినయ్యి. పడవ బురదలో పక్కకి ఒరిగింది.

"దిగొద్దండీ!" అంటానే ఉంది రత్తమ్మ. పెళ్ళాం ముందు తగ్గుతామా? నెడదామని దూకా. మనది రాతినేల, అడుగేస్తే ఆగిద్ది. అక్కడ ఆగలా! మోకాళ్ళు, తొడలు, నడుం! షూస్ లోపలే ఉండిపోయినయ్యి. ఒక పీత నా ముందుకొచ్చి నిలబడి చూసింది. ఒడ్డు మీద రత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతా ఉంది.

అప్పుడే మామ, వెనక నలుగురు ఊరోళ్ళు వచ్చారు.

"ఏం చేస్తన్నారు అల్లుడుగారూ?"

"ఏం లేదు మామా... నేల ఎట్టాంటిదో చూస్తన్నా."

"చూడండి, చూడండి. పోటొచ్చేదాకా మనకీ వేరే పని లేదుగా," అన్నాడు. మర్యాదస్తుడని చెప్పానా!

చెక్కలు పరిచి, చంకల్లో చేతులేసి లాగారు. నేనొచ్చా, పంచె రాలా. మామ కండువా చుట్టుకుని ఇల్లు చేరా.

అత్తగారు కాళ్ళకి నీళ్ళివ్వటానికి చెంబుతో గుమ్మంలోకొచ్చింది. నన్ను పైనుంచి కిందకి చూసి, చెంబు పక్కన పెట్టి, "ఏమే రత్తమ్మా, గంగాళం తేవే!" అంది.

గేదెల్ని కడిగేచోట నిలబెట్టి కడిగారురా నన్ను. పక్కనున్న గేదె ఒకసారి వాసన చూసి, అవతలికి జరిగింది!