నాలుగో కాలు

రామాంజినప్ప ఇంటికి ఎవరు వచ్చినా ముందు కుక్కను పలకరిస్తారు. చెప్పులు విడుస్తూనే, "ఏమ్‌రా ఆటో, బాగుండావా?" అంటారు. అది మూడు కాళ్ళ మీద ఎగురుకుంటూ వచ్చి వాళ్ళ మోకాళ్ళకు మూతి రుద్దుతుంది. ఆ ముచ్చటంతా తీరాక, గోడవార కుర్చీలో కూర్చున్న రామాంజినప్ప వైపు ఒక చూపు చూసి, గొంతు తగ్గించి, ఆయన్ను కాదు, ఆయన భార్య భాగీరథమ్మను అడుగుతారు.

"ఈయన ఎట్లుండాడు?"

ఆయన అక్కడే ఉంటాడు. చెవులు బాగానే పనిచేస్తాయి. అయినా జవాబు భాగీరథమ్మే చెప్పాలి. "ఉండాడు, ఏదో అట్ల" అంటుందామె. కుక్కను నేరుగా అడుగుతారు, నన్ను మాత్రం పక్కవాళ్ళ ద్వారా అడుగుతారు అనుకుని ఆయన భుజం మీది తువ్వాలును కుడి చేతి మీదికి ఇంకొంచెం లాక్కుంటాడు.

మడకశిర దగ్గరి పల్లె నుంచి పంతొమ్మిదేళ్ళప్పుడు బెంగళూరు వచ్చినవాడు రామాంజినప్ప. బొమ్మనహళ్ళిలో ఒక గార్మెంట్ కంపెనీలో దారాలు కత్తిరించే పనిలో చేరి, కటింగ్ మాస్టరయ్యాడు. బట్టను వంద పొరలు పరిచి, పైన సుద్దతో గీసిన గీత వెంట మిషను కత్తిని నడిపించాలి. గీత వెంట్రుకవాసి తప్పిందా, వంద చొక్కాలూ గుడ్డపీలికలే. ముప్పై ఏళ్ళు ఆయన గీత తప్పలేదు. కత్తి నడిపేది కుడి చెయ్యి. ఎడమ చేతికి ఇనుప తీగలతో అల్లిన తొడుగు ఒకటి వేసేవారు. బట్ట కదలకుండా అదిమి పట్టడం, అంతే దాని ఉద్యోగం. చంక దగ్గరి కోతకు ఆయన పెట్టింది పేరు. "మనిషి భుజం ఎట్ల కదుల్తుందో తెలీనోడు చొక్కా కొయ్యకూడదప్పా" అని కొత్తవాళ్ళకు చెప్పేవాడు.

మూడేళ్ళ కింద ఒక పొద్దున పళ్ళు తోముకుంటూ తోముకుంటూ ఒరిగిపోయాడు. పక్షవాతం అన్నారు. మాట నాలుగు నెలల్లో తిరిగొచ్చింది. కాలు కొంచెం ఈడ్చుకుంటూ అయినా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం రాలేదు.

చెయ్యి పోవడం ఒక ఎత్తు, అన్నం తినడం ఒక ఎత్తు. ఎడమ చేత్తో ఎవరికైనా కాగితం ముక్క అందిస్తేనే తల్లి చెయ్యి మీద ఒకటి వేసిన ఇంట్లో పెరిగాడాయన. ఇప్పుడు అదే చేత్తో ముద్ద కలపాలి. అందుకని వంటింట్లో తలుపు మూసుకుని, గోడ వైపు తిరిగి, చెంచాతో తింటాడు. అది కూడా భాగీరథమ్మ ఒక్కతే చూడాలి. పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ పోవడం మానేశాడు. పోతే పంక్తిలో కూర్చోమంటారు.

ఇక ఆటో. నాలుగు కాళ్ళున్నప్పుడు దానికి పేరే లేదు. వీధిలో తిరిగే ఎర్ర కుక్క. మిగిలిన అన్నంలో భాగీరథమ్మ ఇన్ని పాలు పోసి గేటు బయట పెడితే తిని పోయేది. పోయిన ఏడాది సర్వీసు రోడ్డులో ఏదో బండి గుద్దేసి పోయింది. కూతురు అంబిక దాన్ని ఒళ్ళో వేసుకుని పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. ముందరి కుడికాలును మొదలంటా తీసేశారు. ఇంటికి తెచ్చిన రోజు పక్కింటావిడ తొంగిచూసి, "అయ్యో, ఆటో మాదిరి మూడు చక్రాలైపాయనే!" అంది. అదే పేరైపోయింది.

కుడికాలే పోయిందని తెలిసినప్పుడు రామాంజినప్పకు జాలేసింది. ఆ జాలి అడుగున, చెప్పుకోకూడదు గానీ, తోడు దొరికిందన్న తృప్తి కూడా కొంచెం ఉంది. ఇద్దరం చెరో మూలా కూర్చుంటాం అనుకున్నాడు.

అది కూర్చోలేదు. నాలుగు రోజులు గోనెపట్టా మీద పడుకుంది. ఐదో రోజు లేచి, గడ్డం నేలకు కొట్టుకుని పడింది. మళ్ళీ లేచింది, మళ్ళీ పడింది. పన్నెండో రోజు మిద్దె మీద కాకిని తరిమింది. కిందినుంచి భాగీరథమ్మ చప్పట్లు కొట్టింది.

పన్నెండు రోజులు! అప్పటికి రెండేళ్ళుగా తను ఎవరి ముందూ చొక్కా బొత్తాం పెట్టుకోలేదు. ఆ రోజు పుట్టింది ఆయనలో ఆ మంట. చెప్పుకుంటే నవ్విపోతారు. అరవై రెండేళ్ళ మనిషి, కుక్కను చూసి కుళ్ళుకుంటున్నాడు.

మంటకు రోజూ కాస్త ఎండుపుల్ల దొరికేది. ఆయన చేతికి మర్దన చేసే నూనె సీసాలోంచే ఒక రోజు భాగీరథమ్మ కుక్క భుజానికి రాస్తూ కనిపించింది.

"ఆ నూనె నాది కదా?"

"ఏమయ్యా, చెంచాడు నూనెకి కుక్కతో పోటీనా?"

"పోటీ ఏముండాది. సుమ్నే, ఊరికే అడిగినా."

"నీకు రాస్తే మొగం గోడకి తిప్పుకుంటావు. దీనికి రాస్తే తోక ఊపుతాండాది చూడు. రాసే చేతికీ ఒక సంతోషం ఉండొద్దా?"

ఆయన లేచి లోపలికి పోయాడు. దానికి ఊపడానికి తోక ఉంది, నాకేముంది అనుకున్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆలోచించి ఒక మాటకు వచ్చాడు. కుక్కకు నాలుగో కాలు గుర్తులేదు. అంతే సంగతి. గుర్తుంటే అది కూడా నా మాదిరే కూర్చునేది. ఈ మాట ఆయనకు ఊరట ఇవ్వలేదు సరికదా, ఉన్న అసూయను రెండింతలు చేసింది. ఆ మరుపు కూడా దేవుడు దానికే ఇచ్చాడు.

అలా ఉండగా అంబిక ఆరు నెలల బిడ్డను ఎత్తుకుని ఒక ఆదివారం వచ్చింది. ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర కాపురం.

"నాయనా, వచ్చే వారం పాపకి అన్నప్రాశన. ఇక్కడే, మనింట్లోనే. మొదటి ముద్ద నువ్వే పెట్టాల."

వాళ్ళ వంశంలో అది ఆనవాయితీ. బిడ్డకు మొదటి అన్నం తల్లిని కన్న తాత చేతుల మీదుగా పోవాలి. అంబికకు ఆమె తాత పెట్టాడు. రామాంజినప్పకు ఆయన తాత పెట్టాడు.

"ఏ చేత్తో పెట్టల్లమ్మా?" అన్నాడాయన.

"ఉండే చేత్తో."

"ఎడం చేత్తో పెడతారా ఎవరన్నా, మొదటి ముద్ద? బిడ్డ బతుకంతా అపశకునం అనుకుంటారు. మీ చిన్నాయన పెడతాడులే. వానికి రెండు చేతులూ ఉండాయి."

"చిన్నాయన పెడితే నీకు కష్టంగా ఉండదా?"

"నాకెందుకు కష్టం?"

అంబిక ఆయన మొహం వైపు చూసి, బిడ్డను భుజాన వేసుకుని లేచింది. ఆ సాయంత్రమే తమ్ముడు ఓబులేష్ ఫోను చేశాడు. అత్తిబెలెలో పెయింట్ల అంగడి అతనిది. "అన్నా, ఏం బేజారు చేసుకోవద్దు, నేను చూసుకుంటా. వెండి గిన్నె కూడా నేనే తెస్తా!" అన్నాడు. ఆ గొంతులోని హుషారు ఫోను పెట్టేసినా చెవిలో మోగుతూనే ఉంది. చిన్నప్పటినుంచీ అంతే. గోలీలాటలో ఓబులేషే గెలిచేవాడు. ఈతలోనూ ముందు వాడే. ఒక్క కత్తెర దగ్గర మాత్రం తమ్ముడు అన్నకు సాటి రాలేదు. ఆ కత్తెర పట్టే చెయ్యే పోయింది.

ఆ వారమంతా రామాంజినప్పకు అన్నం సహించలేదు.

అన్నప్రాశన రోజు చుట్టాలు ఒక పదిహేను మంది వచ్చారు. ముసలి మేనత్త బాలమ్మ గుమ్మం దగ్గర కాళ్ళు చాపుకుని కూర్చుంది. చాప పరిచి, పాపను పట్టులంగాలో కూర్చోబెట్టారు. పాయసం ఆరడానికి వెండి గిన్నెలో పోసి పెట్టారు. ఆరేలోపు ఓబులేష్‌కు తోచక కుక్కను పిలిచాడు.

"రారా ఆటో! షేక్ హ్యాండ్!"

కుక్క ఎదురుగా కూర్చుని ఎడమ కాలు ఎత్తి అతని చేతిలో పెట్టింది. అందరూ ఘొల్లుమన్నారు.

"చూడన్నా! ఎడం చెయ్యి ఇస్తాండాది నీ కుక్క! మర్యాద నేర్పలేదా?"

"ఉండేది అదే కదప్పా, ఇంకేమిస్తుంది" అంది బాలమ్మ. మళ్ళీ నవ్వులు. "ఎంత తెలివో!" అంది పక్కింటావిడ. ఓబులేష్ మళ్ళీ అడిగాడు, అది మళ్ళీ ఇచ్చింది.

దానికైతే తెలివి, నాకైతే అపశకునమా అనుకున్నాడు రామాంజినప్ప. కళ్ళు తిప్పుకుందామనుకుని తిప్పుకోలేకపోయాడు. మూడోసారి ఓబులేష్ చెయ్యి చాపినప్పుడు ఆయన చూపు కుక్క కాలి మీద లేదు. భుజం మీద ఉంది. ముప్పై ఏళ్ళ అలవాటు, ఎవరిని చూసినా ముందు భుజమే చూస్తాడు.

కుడి భుజం కదిలింది.

కాలు లేని ఆ వైపు, కుట్లు మానిన మచ్చ కింద, ఎముక ఒక్కసారి పైకి లేచి ఆగింది. ఏమీ రాలేదు. అప్పుడు ఎడమ కాలు లేచింది.

పొరపాటు పడ్డానేమో అనుకున్నాడు. "ఆటో" అని పిలిచాడు. ఏడాదిలో ఆయన దాన్ని పేరుపెట్టి పిలవడం అదే మొదలు. వంటింటి గడపలో ఉన్న భాగీరథమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. కుక్క చెవులు రిక్కించి కుర్చీ దగ్గరకు వచ్చింది. ఆయన ఎడమ చెయ్యి చాపాడు. మళ్ళీ అదే. ముందు కుడి భుజం లేచింది, లేని కాలిని అడిగింది. రాకపోయేసరికి ఎడమది వచ్చి ఆయన అరచేతిలో పడింది, వెచ్చగా, గరుకుగా.

అయితే దీనికి గుర్తుంది. ప్రతిసారీ గుర్తుంది. ప్రతిసారీ ముందు ఆ కాలినే పిలుస్తోంది. పలక్కపోతే దాని కోసం కూర్చోవడం లేదు, అంతే తేడా. తనేమో మూడేళ్ళుగా ఆ జవాబు కోసమే గోడ పక్కన కాచుకుని ఉన్నాడు.

"పాయసం ఆరింది, రాండి" అంది అంబిక.

ఓబులేష్ లేచి చొక్కా చేతులు పైకి మడిచాడు. ఉంగరాల కుడి చెయ్యి. మూడు వేళ్ళతో పాయసం తీసుకుని పాప వైపు వంగాడు. పాప నోరు తెరిచింది. ఇంకా పళ్ళు రాని ఆ చిన్న నోరు, తన కూతురి బిడ్డ నోరు, తమ్ముడి వేళ్ళ కోసం తెరుచుకోవడం చూసేసరికి రామాంజినప్పలో ఇంకో మంట భగ్గుమంది. కుక్క మీద ఏడాదిగా రగిలిన మంట దీని ముందు దీపపు వత్తి. ఆయన లేవాలనుకోలేదు. లేచాడు.

"ఓబులేసూ, ఆగప్పా."

"ఏమన్నా?"

"పక్కకి జరుగు. అది నా ముద్ద."

ఓబులేష్ చెయ్యి గాలిలో ఆగింది. వేళ్ళ మీది పాయసాన్ని ఏం చెయ్యాలో తెలియక తన నోట్లోనే పెట్టుకున్నాడు. రామాంజినప్ప కాలీడ్చుకుంటూ వచ్చి చాప మీద కూలబడ్డాడు. తువ్వాలు జారిపోయింది. కుడి చెయ్యి అందరి ముందూ ఒళ్ళో పడి ఉంది, దాన్ని ఆయన కప్పలేదు. గిన్నె చూడగానే కుడి భుజం లేచింది. ఆగింది. ఎడమ చెయ్యి వెళ్ళి పాయసం తీసుకుంది.

"ఎడం చెయ్యప్పా రామాంజీ!" అంది బాలమ్మ గుమ్మం నుంచి.

"కుడిది సెలవులో ఉండాది అత్తా."

బట్టను అదిమి పట్టడం, చెంచా పట్టడం తప్ప ఏమీ నేర్వని చెయ్యి అది. సగం పాయసం పాప గడ్డం మీద, పట్టులంగా మీద పడింది. మిగతా సగం నోట్లోకి పోయింది. పాప చప్పరించి, మొహం చిట్లించి, ఇంకా కావాలని నోరు తెరిచింది. అంబిక కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

లంగా మీద పడ్డదాన్ని నాకడానికి ఆటో అప్పటికే వచ్చేసింది. పాప దాని చెవి పట్టుకుని కేరింతలు కొట్టింది. ముద్ద పెట్టింది నేను, నవ్వు మాత్రం దానికా అనుకున్నాడు రామాంజినప్ప.

మధ్యాహ్నం పంక్తిలో, తమ్ముడి పక్కనే, ఆకు ముందు కూర్చున్నాడు. మెతుకులు చొక్కా మీద పడుతున్నాయి. ఓబులేష్ చూడనట్టు నటిస్తూ చూస్తున్నాడు.

"ఏంరా, ఎప్పుడూ చూళ్ళేదా మనిషి తినేది?"

"లేదన్నా. మూడేళ్ళయింది నువ్వు తినంగా చూసి" అన్నాడు ఓబులేష్, తల వంచుకుని.

భాగీరథమ్మ పాయసం గిన్నె పట్టుకుని వచ్చింది. అడుగున కొంచెమే మిగిలింది. ఆమె చూపు గుమ్మం దగ్గర తోక ఊపుతున్న ఆటో మీదికి పోవడం ఆయన చూశాడు.

"మే భాగీ! దానికి పొయ్యొద్దు. మొదట ఇట్ల తే" అని ఎడమ చెయ్యి చాపాడు.