మాస్టరు నాలుక

హైదరాబాదు బేకరీలో ఢిల్లేశ్వరరావును పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ అతను మాస్టరు. పనివాళ్లు కలిపిన పిండిని వేలికొసతో నాలుకకు రాసుకుని, వెన్న తగ్గిందనో, కోకో పాతదనో ఇట్టే చెప్పేసేవాడు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటల మధ్య పెరిగి, పెళ్లీడు వచ్చేదాకా కేకు రుచే సరిగా ఎరగని మనిషికి ఆ నేర్పు ఎలా అబ్బిందో అతనికే తెలియదు.

ఒక వేసవిలో కాళ్లు వాచాయి. రోజంతా పొయ్యిల ముందు నిలబడడం వల్ల అనుకున్నాడు. ఉద్దానం మనిషి అలా ఎక్కువకాలం అనుకోలేడు. అతని అన్న పోయింది కిడ్నీల జబ్బుతోనే, పక్కింటి అసిరయ్య పోయిందీ దానితోనే. డాక్టరు నోరు విప్పకముందే ఢిల్లేశ్వరరావుకు విషయం తెలిసిపోయింది.

ఊరికి వచ్చేశాడు. పలాస ఆస్పత్రిలో డయాలసిస్ మొదలైంది. సూదులు గుచ్చే ఎడమచేత్తో బరువులెత్తకూడదు, నీళ్లు కొలిచి తాగాలి, కొబ్బరినీళ్లు, జీడిపప్పు, చాక్లెట్ ముట్టకూడదు. భార్య నూకరత్నం జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి పోతుంటే, అతను అరుగు మీద కూర్చుని దారిన పోయేవాళ్లను చూసేవాడు. కొన్నాళ్లకు అదీ భరించలేక, హైదరాబాదు నుంచి తెచ్చుకున్న చిన్న ఓవెన్‌ను వంటింట్లో పెట్టించాడు.

"ఇప్పుడిదంతా ఏల బావా?" అంది రత్నం.

"కూకుంటే పిచ్చెక్కిపోతన్నాది. సేతులు ఊరుకోవట్లేదు."

బ్రౌనీలు చేశాడు. వేడినీళ్ల గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చాక్లెట్, వెన్న కరిగించి, గుడ్లు పంచదార తెల్లగా నురుగు వచ్చేదాకా గిలక్కొట్టి, మైదా, చిటికెడు ఉప్పు జల్లించి, వేయించిన జీడిముక్కలు చల్లాడు. పైన ఉల్లిపొరలాంటి పెచ్చు కట్టింది. లోపల మెత్తగా, తడిగా ఉంది. కాశీబుగ్గలో కేకుల దుకాణం నడిపే రమణ ఒక ముక్క తిని, ఇంకోటి అడిగాడు. ఆ తర్వాత ఆర్డర్లు రాసాగాయి. కొద్దిరోజులు ఆ ఇంట్లో మళ్లీ నవ్వు వినబడింది.

పిండిని నాలుకకు తాకించి ఉమ్మేసేవాడు. అంతమాత్రానికి ఏమీ కాదులే అనుకునేవాడు. వానాకాలం వచ్చేసరికి ఆ తాకించడంలోనే తేడా తెలిసింది. ఏది నోట్లో పెట్టినా ఇనుపముక్క చప్పరించినట్టు ఉండేది. పులుసూ అంతే, పాలూ అంతే. జబ్బు ముదిరితే కొందరికి అలా ఉంటుందని ఆస్పత్రిలో చెప్పారు. ఇంట్లో మాత్రం అతను నోరు మెదపలేదు.

"రత్నం, ఓసారి నువ్వు సూడు. ఎలగున్నాది?"

"బాగున్నాది బావా."

ప్రతిసారీ అదే మాట. ఆ మాట మీద నమ్మకంతోనే డబ్బాలు మూతపెట్టి పంపేవాడు.

టెక్కలి కాలేజీ వాళ్ల వీడ్కోలు సభకు పెద్ద ఆర్డరు వచ్చింది. డయాలసిస్ నుంచి వచ్చి, గోడ పట్టుకుని నిలబడి, మధ్యమధ్య కూర్చుంటూ చేశాడు. మర్నాడు డబ్బాలన్నీ వెనక్కి తెచ్చాడు రమణ. కోపంగా లేడు. అందుకే ఢిల్లేశ్వరరావుకు భయం వేసింది.

"మాస్టరూ, ఉప్పు రెండుసార్లు పడిపోయినట్టున్నాది. ఒక్కరూ తినలేకపోనారు."

రమణ వెళ్లాక, ఢిల్లేశ్వరరావు ఒక డబ్బా తెరిచి పెద్ద ముక్క నోట్లో పెట్టుకున్నాడు. రత్నం పరుగెత్తుకొచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏటి సేత్తన్నావు బావా! నువ్వది తినకూడదు!"

అతను నమిలాడు. నమిలి మింగాడు. తీపి లేదు, ఉప్పు లేదు. అదే ఇనుము.

"ఉప్పుగున్నాదా?" అని భార్యనే అడిగాడు. "నువ్వు నిన్న తిన్నావు కదా."

రత్నం తల దించుకుంది. "ఉప్పుగానే ఉన్నాది."

"మరేల సెప్పలేదు?"

"నిలబడలేక నిలబడి సేసినావు. మళ్లీ సెయ్యమని ఏ నోటితో సెప్పీది?" కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఇంతకుముందువైతే నాకు నిజంగా తెలీదు బావా. నీవన్నీ నాకు ఒక్కలాగే ఉంటాయి."

అంటే, ఇన్నాళ్లూ ఆ వంటింట్లో రుచి చూసినవాళ్లు ఎవరూ లేరు. అతనికి ఆమె మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది, కాసేపు కేకలేసి తేలికపడేవాడు.

ఆ మాపు ఒళ్లంతా నీరసమై, ఆయాసంతో ఆస్పత్రికి పోవాల్సి వచ్చింది. ఏం తిన్నావని డాక్టరు అడిగితే గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

తిరిగొచ్చాక రత్నమే పట్టుబట్టింది. "నువ్వు సెప్పు, నాను సేత్తాను. ఈసారి ఉన్నదున్నట్టు సెప్తాను." ఫ్యాక్టరీకి పోకుండా ఒక పూట ఉండిపోయింది. అతను పీట మీద కూర్చుని చెప్తుంటే కలిపింది, కరిగించింది. కొంగు బిగించి మరీ గిలక్కొట్టింది. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది.

"సేదుగున్నాది."

"ఎలాంటి సేదు? సాక్లెట్ది ఉండాల్సిన సేదా, మాడిన సేదా?"

"సేదంటే సేదే బావా."

"కాఫీ సేదులాగుందా? ఎనకాల తీపి తగులుతాదా?"

ఆమె మళ్లీ రుచి చూసింది. మళ్లీ చూసింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "నాకు తెలీట్లేదు. కాకరకాయ సేదు తెలుసు, యాప సేదు తెలుసు. ఇది నానెప్పుడూ తినలేదు కదా."

అతను గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. పిండి రంగు చూశాడు, గరిటె నుంచి ఎలా జారుతుందో చూశాడు. కంటికి అంతా సవ్యంగానే ఉంది. ఏళ్ల తరబడి నాలుకకు మాత్రమే తెలిసిన సంగతిని ఆమెకు ఏ మాటల్లో అందించాలో తోచలేదు.

"పోనీలే రత్నం. గిన్నె తీసీయి," అన్నాడు.

రమణ బరంపురం నుంచి ఒక కొత్త మాస్టరును తెచ్చుకున్నాడు. ఓవెన్‌ను కూడా రమణే తీసుకెళ్లాడు. ఆటోలోకి ఎక్కిస్తుంటే ఢిల్లేశ్వరరావు సాయం పట్టబోయాడు. "ఆ సేత్తో ఒద్దు మాస్టరూ," అని రమణ అడ్డుపడ్డాడు.

మరునాడు రత్నం ఫ్యాక్టరీకి బయలుదేరుతూ గిన్నెలో అన్నం, కూర కలిపి అతని పక్కన పెట్టింది. ఉప్పు సరిపోయిందా అని అడగబోయి ఆగిపోయింది. అతను అది గమనించాడు. గిన్నె అందుకుని, ఆమె గుమ్మం దాటేదాకా ముద్ద తర్వాత ముద్ద తింటూనే ఉన్నాడు.