కిటికీ బయట మూడు కుండీలు

ఇది జరిగిన నాటికి నాకు అక్షరాలు రావు. అరవై దాటాక నేర్చుకున్నాను. ఎవరిచేతనైనా రాయిద్దామంటే, సగం చెప్పేసరికే ఆపేసేదాన్ని.

కంప్యూటర్ ఉద్యోగాలు జోరుగా ఉన్న రోజులు. దేశంకాని దేశంలో, జురాంగ్ వెస్ట్ అనే పేటలో మా అమ్మాయి ఫ్లాటు తొమ్మిదో అంతస్తు. తను ఆఫీసుకు వెళితే మనవరాలిని చూసుకోవడం నా పని. ఆఫీసులో ఎవరో ఇచ్చారని మూడు సక్యులెంట్ మొక్కలు తెచ్చింది. దళసరి ఆకులు గులాబీ రేకుల్లా గుండ్రంగా పేర్చినట్టుండేవి. నడిమధ్య నీళ్లు నిలిస్తే కుళ్లుతాయట. మట్టి బాగా ఎండాకే, ఆకులు పక్కకు ఒత్తి మొదట్లో పోసేదాన్ని. ఇంట్లో వెలుతురు చాలక అవి మెడలు సాగదీస్తుంటే, అమ్మాయి వంటింటి కిటికీ బయట సన్నటి గట్టు మీద పెట్టింది. వద్దంటే, "ఎండ లేకపోతే చచ్చిపోతాయమ్మా. ఏం కాదులే" అంది.

ఒక మధ్యాహ్నం ఆకాశం నల్లబడి ఈదురుగాలి లేచింది. చివరి కుండీ జరిగి కిటికీ రెక్కకు ఆనుకుంది. ఆ రెక్క బయటికి తెరుచుకునేది. తెరిస్తే నేనే తోసినట్టు. ఊరుకుంటే గాలి తోస్తుంది. సరిగ్గా ఆ కిందే స్కూలు బస్సు ఆగేది. మనవరాలు వచ్చే వేళ.

ఎదురింటి తలుపు బాదాను. అక్కడుండే అక్కవాళ్లు తాతలనాడే ఈ దేశం వచ్చిన తెలుగువాళ్లు; అరవం కలిసిన మాట, చెల్లెల్ని తంగచ్చీ అంటారు. ఆమె కిటికీ చూసింది.

"తియ్యొద్దు తంగచ్చీ. ముందు నే కిందికి పోయి పిల్లల్ని ఆపుతా."

లిఫ్టులో ఆమె దిగేలోగా బస్సు వచ్చేసింది. పిల్లలు ఒక్కొక్కరే దిగుతున్నారు. కుండీ అంగుళం అంగుళం కదులుతోంది. అద్దానికి ఇవతల అరచెయ్యి ఆనించాను, దాన్ని పట్టుకున్నట్టే. అరిచాను గానీ ఆ గాలిలో కిందికి వినపడలేదు. అప్పుడు అక్క కనిపించింది. రెండు చేతులూ చాచి, కోళ్లను తోలినట్టు పిల్లల్ని బ్లాకు కింది చావడిలోకి తోలుతోంది.

కుండీ లేదు. చప్పుడు తర్వాత వినిపించింది.

మిగిలిన రెండూ ఎలా లోపలికి తీశానో గుర్తులేదు. మనవరాలు వచ్చి నా చీర కుచ్చిళ్లు పట్టుకుంది.

"అమ్మమ్మా, వై యూ షివరింగ్? నాట్ కోల్డ్ లా." చలి లేదుగా అని; మాట చివర ఆ "లా" అక్కడి పిల్లల అలవాటు.

సాయంత్రం విని అమ్మాయి ఆ రెండూ పారేద్దామంది. వాటి తప్పేముంది, అన్నాను.

మర్నాడు పొద్దున్నే వాటిని కిందికి మోసుకెళ్లి, ఎండ పడే చోట నేలమీద పెట్టాను. బస్సు వచ్చింది. తలెత్తి పై కిటికీలన్నీ చివరిదాకా చూశాకే మనవరాలి చెయ్యి వదిలాను.