వ్యూఫైండర్ పక్కనున్న చక్రం

మా మేనకోడలు ఫోటోలు తీయడం నేర్చుకోవాలని, మా ఊళ్లోని మోవా పేటలో ఒకాయన అమ్మజూపిన పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాను నాకు చూపించడానికి తెచ్చింది. ఒకప్పుడు మా రైల్వే కాలనీ పెళ్లిళ్లకు రీలు కెమెరాతో ఫోటోలు తీసినవాణ్ణని ఇంట్లో నా మాట మీద గురి.

వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూస్తే అంతా మసకగా ఉంది.

"లెన్స్ పోయింది తల్లీ. ఏక్‌దమ్ బేకార్," అన్నాను.

"ఫోటో బాగానే వస్తోంది మావయ్యా. వెనక తెర మీద చూడు నా."

"నాకు నేర్పుతున్నావా?" అని కసిరాను. తెర వైపు చూడనే లేదు. మర్నాడు ఆ పిల్ల కెమెరా తిరిగిచ్చేసింది.

కొన్ని నెలల తర్వాత ఒక పెళ్లిలో ఫోటోగ్రాఫర్ కెమెరా తీసుకుని చూస్తే అదే మసక. అతను వ్యూఫైండర్ పక్కనున్న చిన్న చక్రం తిప్పాడు. పెళ్లిమండపం స్పష్టంగా కనిపించింది. చూసేవాళ్ల చూపును బట్టి దాన్ని సర్దుకోవాలట. మేనకోడలు తెచ్చిన కెమెరాలో లోపమేమీ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు అది నిక్షేపంగా సరిపోయేది.

మోవాకు వెళ్లి అడిగాను. ఎప్పుడో అమ్ముడైపోయిందన్నారు. మేనకోడలికి సంగతంతా చెప్పాను.

"తెలుసు మావయ్యా. తిరిగిస్తున్నప్పుడు ఆయన తిప్పి చూపించాడు."

"మరి అప్పుడే కొనుక్కోలేకపోయావా?"

"నువ్వు వద్దన్నాక నాన్న కొంటాడా?"

ఆ సాయంత్రమే బావ దగ్గరికి వెళ్లాను. తప్పు నాదని, నాకు డిజిటల్ కెమెరా చూడటం రాదని, ఈసారి అమ్మాయి ఏది బాగుందంటే అదే కొనమని చెప్పాను.