ఊగే అక్షరాలు

డెబ్బైల్లో నాందేడ్‌లోని ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చేవాణ్ణి. మా దగ్గర ఒక సరదా టైపు ఉండేది. బొద్దుగా, ఒక అక్షరం కుడికీ ఇంకోటి ఎడమకీ వాలి, గంతులేస్తున్నట్టు ఉండేది. సర్కస్ కరపత్రాలకూ మిఠాయి డబ్బాలకూ తప్ప దాన్ని ముట్టేవాళ్ళం కాదు.

ఒకరోజు పొద్దున్నే తెలంగాణ సరిహద్దు పల్లె సగరోళి నుంచి ఒక తెలుగు రైతు వచ్చి, తండ్రి దినాల కార్డులు మరాఠీలో అచ్చు వేయమన్నాడు. మధ్యాహ్నం బస్సుకే కావాలన్నాడు. మామూలు పెద్ద టైపంతా పరీక్ష పేపర్లలో బిగించి ఉంది. యజమాని ఊళ్ళో లేడు. ఏం తోచక పెద్దాయన పేరు ఆ సరదా టైపులోనే కూర్చి అచ్చేశాను.

మధ్యాహ్నం రైతు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. చదవకుండా సంచిలో వేసుకుపోతే బాగుండని మొక్కుకున్నాను. చదివాడు. దవడ బిగుసుకుంది.

"ఏంది గిది? మా నాయిన సచ్చిపోయిండా, సర్కస్ అచ్చిందా?" అని నెమ్మదిగా అడిగాడు. బల్ల మీదుగా వంగి నా కాలర్ పట్టుకున్నాడు.

"ఏముందిరా అండ్ల?" అంటూ తల్లి కార్డు తీసుకుంది. ఆమెకు చదువు రాదు.

"నాయిన పేరే, అవ్వా."

ఆమె ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ పోయింది.

"కుంటికాలుతోని గిట్లనే ఊగుకుంట నడుస్తుండె గదరా."

కాలర్ మీద పట్టు సడలింది. అతను కార్డులు తీసుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పటినుంచి దినాల కార్డుల కోసం ఎవరు వచ్చినా, పోయినవాళ్ళు ఎట్లా నడిచేవాళ్ళో అడగనిదే టైపు ముట్టుకోలేదు.