గిన్నె అడుగున గుండీ

ఆ వీధిలో ఆమెను అందరూ దాపుడక్క అంటారు. ముఖం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. కుట్టుమిషను కింద రాలిన పీలికలు దిండ్లలోకి, చిరిగిన చొక్కాల గుండీలు డబ్బాలోకి, కూరలో మిగిలిన రెండు ముక్కలు ఫ్రిజ్‌లోకి పోతాయి. ఆ ఇంట్లో చెత్తబుట్ట ఉన్నది అలంకారానికే. ఫ్రిజ్ తలుపు తీస్తే గిన్నె మీద గిన్నె, దాని మీద మూతలేని ఇంకో గిన్నె. వెనక వరసలో ఏ కాలం నాటి కూర ఉందో ఆమెకే గుర్తుండదు. చల్లగా ఉన్నది చెడదని ఆమె నమ్మకం. నమ్మకమని మర్యాదకు అనడమే గానీ, అది ఒట్టి మొండితనం.

తల్లి పోయిన రోజు, నలుగురిలో, తమ్ముడు ఒక మాట తూలాడు. "అమ్మకి చివరిదాకా మిగిలినవే పెట్టావు" అన్నాడు. తమ్ముడు బస్సు డ్రైవరు, పండక్కో పబ్బానికో వచ్చిపోయేవాడు. మంచాన పడ్డ తల్లిని ఎత్తి కూర్చోబెట్టిందీ, కడిగిందీ, రాత్రిళ్లు పక్కన కూర్చున్నదీ ఈమె. మిగిలినవి పెట్టిన మాట అబద్ధం కాదు. తను తిన్నదీ అవే. అయినా ఆ మాట పుండు మీద కారం చల్లినట్టయింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు.

ఈమధ్య తమ్ముడికి గుండెజబ్బు వచ్చి, స్టీరింగు వదిలేశాడు. ఒకరోజు మరదలు ఫోను చేసింది.

"వదినా, ఆయన నిన్ను చూడాలంటున్నారు. వచ్చే ఆదివారం భోజనానికి రమ్మంటావా?"

"తీసుకురా" అంది. ఫోను పెట్టేసి కొంగుతో కళ్లు తుడుచుకుని, నేరుగా బజారుకెళ్లి, తమ్ముడికి ప్రాణమైన సముద్రపు చేప కొన్నది. ఆ వారం ఊరవతల హాస్టల్లో పిల్లల బట్టలు కుట్టే పని ఒప్పుకుని ఉంది, అక్కడే ఉండిపోవాలి. మళ్లీ ఇంత మంచి చేప దొరుకుతుందో లేదోనని ముక్కలు కడిగి ఫ్రీజర్లో పెట్టింది.

వెళ్లేముందు మరో పని కూడా చేసింది. ఫ్రిజ్ బాగుచేసే మెకానిక్ ఎప్పుడో చెప్పిన చిట్కా అది. "అక్కా, గిన్నెలో నీళ్లు గడ్డకట్టాక పైన ఇత్తడి గుండీ ఒకటి పెట్టు. తిరిగొచ్చేసరికి పైనే ఉంటే సరే. అడుగుకి పోయిందా, మధ్యలో అంతా కరిగి మళ్లీ గడ్డకట్టినట్టు. అప్పుడు చేపా మాంసం మొహం చూడకుండా పారెయ్." డబ్బాలోంచి గుండీ ఏరి పెట్టింది. గుండీలకు ఆమె దగ్గర కొదవేముంది.

శనివారం తిరిగి వచ్చేసరికి పక్కింటి ఇస్త్రీ ఆయన గుమ్మంలోనే చెప్పాడు.

"నువ్వు వెళ్లిన మర్నాడే ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయిందక్కా. నిన్ననే కరెంటొచ్చింది. మా ఫ్రిజ్‌లోవన్నీ పారబోశాం."

ఫ్రీజర్ తెరిచింది. చేపముక్కలు రాళ్లలా ఉన్నాయి. గిన్నెలో మంచు అద్దంలా ఉంది, గుండీ అడుగున మెరుస్తోంది. ఆమె చాలాసేపు చూసింది. ఒక చేపముక్క ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. గడ్డకట్టినదానికి వాసనేముంటుంది? చేపల బజారు వీధి చివరే. పొద్దున్నే వెళ్లి తాజాది తెచ్చుకోవచ్చు. కానీ పారెయ్యడం ఆ చేతులకు అలవాటు లేదు. బాగా మరిగిస్తే ఏదైనా చస్తుందిలే అనుకుంది. గిన్నెను కుళాయి కింద పెట్టి మంచు కరిగించి, గుండీని తుడిచి మళ్లీ డబ్బాలో వేసేసింది.

ఆదివారం తమ్ముడు సగానికి సగమై వచ్చాడు. మరదలు చేప ముట్టదు. ఈమె ముక్కలు అతని కంచంలోకే వేసి, తను కూరలో మసాలా మాత్రం అన్నంలో కలుపుకుంది. రెండు ముద్దలు తిన్నాక అతను తలెత్తాడు.

"అమ్మ పోయినప్పుడు నోరు జారానక్కా. ఆ మాట ఇన్నేళ్లూ నన్నే తిన్నది."

ఆ క్షణంలో గుండీ గుర్తొచ్చింది. కంచం లాగేసుకుంటే సరిపోయేది. లాగేసుకుని ఏమని చెప్పాలి? తమ్ముడు క్షమించమని అడుగుతున్న నోటితో తింటున్నది ఏమిటని చెప్పాలి? ఇంకో ముక్క వడ్డించింది.

చెయ్యి కడుక్కున్న కాసేపటికే అతని ముఖం కందిపోయింది. తల పగిలిపోతోందన్నాడు, వాంతులయ్యాయి, గుండె పట్టుకుని కూలబడ్డాడు. ఆసుపత్రిలో డాక్టరు మరదలితో చెప్పాడు. "చల్లదనం లేక పాడైన చేపమ్మా. అలాంటిది ఎంత మరిగించినా, మళ్లీ ఎంత గడ్డకట్టించినా ఆ విషం పోదు. గట్టి మనిషైతే పూటలో తేరుకునేవాడు."

ప్రాణం దక్కింది గానీ మనిషి మంచానికి అంటుకుపోయాడు. వీధి ఊరుకుంటుందా? పాత పగ తీర్చుకుందన్నారు. తను ఒక్క ముక్కా ముట్టలేదట, చూశారా అన్నారు. బట్టలు ఇచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆ మాటలకు ఆమె ఏడవలేదు. అబద్ధాన్ని మొయ్యడం ఆమెకు కష్టం కాలేదు.

మరదలు బయటికెళ్లిన సమయం చూసి ఆసుపత్రికి వెళ్లింది. తమ్ముడు పక్కన కూర్చోమని సైగ చేశాడు.

"జనం అనేది నేను నమ్మనక్కా. ఒక్కటి చెప్పు. పాడైందని నీకు తెలుసా?"

తెలియదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అతని కళ్లు చూశాక బయటికి రాలేదు.

"తెలుసురా. పారెయ్యడానికి మనసొప్పలేదు."

తమ్ముడు కోప్పడలేదు. కోప్పడి ఉంటే ఆమె బతికిపోయేది. అతను మెల్లగా గోడవైపు తిరిగాడు.

"నాకు పెట్టడానికి ఒప్పిందా, అక్కా?"